అక్కకు చూపించదగిన సినిమా

మా అక్క ఇన్నేళ్ళలో నన్ను సినిమా సలహా అడిగింది రెండే రెండుసార్లు. మొదటిసారి 1987లో, ఆమె పెళ్ళయిన కొత్తలో. "మీ బావను పిల్చుకోని పోవాల, ఏడుపు లేని సినిమా ఏదన్నా చెప్పురా" అంది. "అహ నా పెళ్ళంట" చెప్పాను. అందులో కోట శ్రీనివాసరావు పిసినారితనం గురించి బావ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. రెండోసారి అడిగింది పోయిన కార్తీక మాసంలో. రాత్రి తొమ్మిది దాటాక హోసూరు నుంచి ఫోను వచ్చింది. ఆ వేళప్పుడు అక్క ఫోను చేయదు. ఎవరో పోయారనుకున్నాను.

"ఒరే, నువ్వు సినిమాలు శానా చూసిండావు గదా. మొగోడు మొగోణ్ణి ఇష్టపడేది ఉంటుందే, దాని మీద మర్యాదగా తీసిన సినిమా ఏదన్నా ఉండాదా? నేను చూడాల."

ఏమీ అర్థం కాక, "ఎందుకక్కా?" అన్నాను. చాలాసేపు జవాబు లేదు. వెనకాల కుక్కరు కూత వినిపించింది. తర్వాత అక్క ఏడ్వడం వినిపించింది.

మా అల్లుడు, అంటే అక్క కొడుకు, దసరా సెలవులకు పూనా నుంచి వచ్చి, తిరిగి బయలుదేరే ముందురోజు రాత్రి తల్లితో చెప్పాడట. అలా చెప్పవలసి రావడానికి కారణం మేమే. వాడు పుట్టిన మూడేళ్ళకు మా అమ్మాయి పుట్టింది. అప్పటి నుంచి అక్కా నేనూ ఆ పెళ్ళి గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. మేనరికం మంచిది కాదని డాక్టర్లు చెబుతారని మా ఆవిడ అడ్డుపడేది. రక్తపరీక్షలు చేయించి చూద్దాంలే అని నేను సర్దిచెప్పేవాణ్ణి. ఈ దసరాకు అక్క ఇక ఆగలేక జాతకాలు తీసింది. అప్పుడు వాడు నోరు విప్పాడు.

ఏ భాషలో చెప్పాడని అడిగాను. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న అది కాదేమో! కానీ మన పత్రిక చదివేవాళ్ళకు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. మా అల్లుడికి బళ్ళో ఇంగ్లీషు, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ముగ్గులకూ ముద్దలకూ తిట్లకూ సరిపోయే తెలుగు వాడిది. "మొదట తెలుగులోనే మొదలుపెట్టినాడు. ఏందో చెప్పబోయి ఆగిపోయినాడు. తర్వాత అరవంలో ఏందో అన్యాడు. కడాకు ఇంగ్లీషు మాట ఒకటి అన్యాడు. నాకు తెలీలేదు. ఫోనులో వెతికి చూపించినాడు" అంది అక్క. ఫోను చూపించిన తెలుగుమాట "స్వలింగ సంపర్కం". దినపత్రికల నేరవార్తల్లో కనిపించే మాట. ఇరవై తొమ్మిదేళ్ళ కొడుకు తన మనసు విప్పడానికి తల్లి ముందు పెట్టవలసి వచ్చిన మాట అది. ఇంట్లో వాడే తెలుగులో అంతకంటే దగ్గర మాటలు ఉన్నాయి గానీ అవన్నీ బూతులు, లేదా ఎగతాళి.

అక్క అడిగిన మరో ప్రశ్న: "పోలీసోళ్ళు పట్టుకుంటారా?" దానికి మాత్రం గట్టిగా జవాబు చెప్పగలిగాను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఈ విషయంలో చెల్లదని 2009లో ఢిల్లీ హైకోర్టు అన్నది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ నేరం కాదని తీర్పు చెప్పింది. పెళ్ళికి మాత్రం చట్టం ఒప్పుకోలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అది తమ చేతిలో లేదన్నది. "అయితే జైలు లేదు, పెండ్లీ లేదు" అంది అక్క. ఇంత క్లుప్తంగా ఏ పత్రికలోనూ నేను చదవలేదు.

సినిమా చెబుతానని ఫోను పెట్టేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఫిల్మ్ సొసైటీ సభ్యుడిగా ఉన్నవాణ్ణి. బెర్గ్‌మన్ మీద, ఘటక్ మీద గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. నాకు తెలిసిన సినిమాల్లో హోసూరు శివార్లలో ఉండే, అయిదో తరగతి చదివిన, కాఫీపొడి డబ్బాలో డబ్బు దాచుకునే ఒక తల్లికి పనికొచ్చేది ఏది?

"తెలుగులో ఉండాదా?" అని ఆమె ఫోను పెట్టే ముందు అడిగింది. సిగ్గుతో చెప్పాలి, వెంటనే గుర్తొచ్చినవి హాస్యపాత్రలే. నడుం తిప్పుతూ నడిచే మగవాడు, హీరో మీద పడబోతే హీరో చెంపదెబ్బ, హాలంతా నవ్వు. ఆ నవ్వుల్లో నా నవ్వు కూడా ఉంది. వెతికితే 2018లో ప్రశాంత్ వర్మ తీసిన "అ!" ఉంది. ఒకమ్మాయి తల్లిదండ్రులను హోటలుకు పిలిపించి, తను పెళ్ళాడబోయే మనిషిని చూపిస్తుంది. ఆ మనిషి కూడా అమ్మాయే. నిత్యా మీనన్, ఈషా రెబ్బా చక్కగా చేశారు, ఎగతాళి లేదు. కానీ అది సినిమాలో ఒక పాయ మాత్రమే. పైగా చివరికి ఆ పాత్రలన్నీ ఒకే మనిషి మనసులోని ముక్కలని తేలుతుంది. ఆ మెలిక నాకు సినిమాగా నచ్చింది. తల్లికి చూపించే సినిమాగా నచ్చలేదు. "చూశావా, ఇది మెదడు జబ్బే" అనుకుంటుంది.

ఇక మిగతా భాషలు. అందరికీ ముందు గుర్తొచ్చేది దీపా మెహతా "ఫైర్". 1996లో తీశారు, మన దేశంలో 1998 నవంబరులో విడుదలైంది. డిసెంబరులో బొంబాయి, ఢిల్లీ హాళ్ళ మీద దాడులు జరిగాయి, సినిమాను మళ్ళీ సెన్సారుకు పంపారు, మరుసటి ఏడు కోతలు లేకుండానే తిరిగి వచ్చింది. ఆ డిసెంబరులో మా సొసైటీలో జరిగిన వాదనలు నాకు బాగా గుర్తు. భావప్రకటనా స్వేచ్ఛ గురించి నేను గొంతు చించుకున్నాను. షబానా ఆజ్మీ, నందితా దాస్ పోషించిన ఆ ఇద్దరు తోడికోడళ్ళ ప్రేమ గురించి ఒక్క మాటా అనలేదు. నేనే కాదు, ఎవరూ అనలేదు. సెన్సారు గురించి మాట్లాడటం ఎంత సుళువో!

"ఫైర్" ధైర్యమైన సినిమా. కానీ అందులో ఒక భర్త స్వామీజీ మాట విని బ్రహ్మచర్యం పట్టాడు, ఇంకొకడికి వేరే అమ్మాయి ఉంది. మొగుళ్ళు సరిగ్గా ఉంటే ఆ ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు కారేమో అన్న అనుమానానికి కథే చోటిస్తుంది. అక్క తప్పకుండా ఆ సందులోంచి దూరుతుంది. "మావోడికి ఏం లోటు చేసినాం?" అని లెక్కలు వేస్తూ కూర్చుంటుంది. వద్దనుకున్నాను.

మలయాళంలో ఇంకా ముందే ఈ దారి తొక్కారు. 1978లో మోహన్ తీసిన "రండు పెణ్‌కుట్టికళ్", 1986లో పద్మరాజన్ తీసిన "దేశాటనక్కిళి కరయారిల్ల". ఈ రెండోదాంట్లో ఇద్దరు బడిపిల్లలు ఇల్లూ బడీ వదిలి పారిపోతారు. ఎంతో అందమైన సినిమా, కానీ ఆ పిల్లలు చివరికి బతకరు. ఓనిర్ తీసిన "మై బ్రదర్ నిఖిల్" 2005లో వచ్చింది. గోవా ఈతగాడికి హెచ్‌ఐవీ వస్తే తల్లిదండ్రులు తలుపు వేసుకుంటారు, ఇంటివాళ్ళలో అక్క ఒక్కతే పక్కన నిలబడుతుంది. జూహీ చావ్లా ఆ అక్కగా ఎంత నిబ్బరంగా చేసిందో! కానీ మా అక్కకు ఇప్పుడే ఒక భయం చాలు, జబ్బు భయం కూడా ఎందుకు?

చిత్రమేమిటంటే, ఈ సినిమాలను అక్క కళ్ళతో మళ్ళీ చూడటం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. దాదాపు అన్నింట్లోనూ ఎవరో ఒకరు చచ్చిపోతారు. నలభై ఏళ్ళుగా నేను దాన్ని విషాదాంతం అని, కళ అని మెచ్చుకుంటూ వచ్చాను. 1919లో జర్మనీలో రిఖార్డ్ ఓస్వాల్డ్ తీసిన "మిగతావారికి భిన్నంగా" అన్న మూగ సినిమాలో కూడా అంతే. సంగీత విద్వాంసుడైన కథానాయకుణ్ణి ఒకడు బెదిరించి డబ్బు గుంజుతాడు, చివరికి అతను విషం తాగుతాడు. అది చట్టం మార్చమని అడగడానికి తీసిన సినిమా గనక ఆ చావుకు ఒక పని ఉంది. నూరేళ్ళ తర్వాత కూడా అదే చావు ఎందుకు?

"మెమొరీస్ ఇన్ మార్చ్" సంగతి వేరు. ఋతుపర్ణ ఘోష్ రాసి నటించాడు, సంజయ్ నాగ్ దర్శకుడు. కలకత్తాలో ఉద్యోగం చేసే కొడుకు కారు ప్రమాదంలో పోతే, ఢిల్లీ నుంచి తల్లి వస్తుంది. కొడుకు వస్తువులు తీసుకుపోదామని వచ్చిన తల్లికి, కొడుకు ప్రేమించిన మనిషి ఎదురవుతాడు. దీప్తీ నావల్ మొహంలో మొదట అసహ్యం, తర్వాత పోటీ, వాడు నావాడా నీవాడా అన్న పోటీ, ఆ తర్వాత ఇద్దరికీ మిగిలిన ఒకే దుఃఖం. నేను దాన్ని ఒంటరిగా మళ్ళీ చూసి, అక్కకు పంపకూడదనుకుని, రెండు రోజులాగి పంపాను. ఎక్కువ భాగం ఇంగ్లీషే, అక్కకు అర్థం కాదని తెలిసి కూడా. కథ ముందే ఫోనులో చెప్పాను. చూసి, "ఆ తల్లికి కొడుకు ఉన్నప్పుడు తెలీలేదు, పోయినాక తెలిసింది. నాకు ఉండంగానే తెలిసింది గదరా" అంది. తర్వాత కోపంగా, "ఈసారి ఎవురూ చచ్చిపోనిది చూడు" అంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. అక్క అడిగిన సినిమా కోసం పాత పుస్తకాలు తిరగేస్తుంటే, 1991 నాటి డైరీలో "మై బ్యూటిఫుల్ లాండ్రెట్" అని కనిపించింది. స్టీఫెన్ ఫ్రియర్స్ 1985లో తీసిన సినిమా, హనీఫ్ కురేషీ రాశాడు. లండన్‌లో ఒమర్ అనే పాకిస్తానీ కుర్రవాడు, జానీ అనే తెల్ల కుర్రవాడితో కలిసి బట్టలుతికే దుకాణం పెడతాడు. ఇద్దరూ ప్రేమికులు. అందులో ఎవరూ దాని గురించి ఉపన్యాసం ఇవ్వరు, ఎవరూ ఏడ్వరు. రంగులు వేస్తారు, లెక్కలు చూస్తారు, ముద్దు పెట్టుకుంటారు. చివర్లో ఇద్దరూ తొట్టి దగ్గర నిలబడి నీళ్ళు చల్లుకుంటారు. ఆ వీడియో క్యాసెట్ తెచ్చింది మా బ్యాంకులోని సహోద్యోగి ఒకాయన. బరంపురం తెలుగువాడు. పెళ్ళి చేసుకోలేదు. భోజనాల వేళ మేమంతా ఆయన పెళ్ళి గురించి ఏదో ఒకటి అనేవాళ్ళం, ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ క్యాసెట్ తన గదిలో నాకొక్కడికే చూపించాడు. అయిపోయాక, "ఎలా ఉంది?" అన్నాడు. నేను, "లండన్‌లో వలసవాళ్ళ బతుకు బాగా పట్టుకున్నాడు. థాచర్ కాలం ఆర్థిక విధానాల మీద మంచి విమర్శ" అన్నాను.

డైరీలో కూడా అదే రాసుకున్నాను. రెండు పేజీలు. ఆ ఇద్దరు కుర్రవాళ్ళ ప్రేమ ప్రసక్తి ఎక్కడా లేదు.

ఆయన క్యాసెట్ వెనక్కి తిప్పి, డబ్బాలో పెట్టి, టీ పెడతానన్నాడు. మళ్ళీ ఎప్పుడూ నాకు సినిమా చూపించలేదు. 2001లో బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ వచ్చినప్పుడు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఈ పత్రిక బరంపురం కూడా వెళ్తుంది. అంతకంటే ఇక్కడ రాయను.

అక్క కోసం ఈసారి నేను ఆంగ్ లీ తీసిన "ది వెడ్డింగ్ బ్యాంక్వెట్" ఎంచుకున్నాను. 1993లో బెర్లిన్‌లో పెద్ద బహుమతి పొందిన సినిమా. భాషలు రెండూ ఆమెకు రావు, చైనీసు, ఇంగ్లీషు. అందుకని ఆదివారం హోసూరు వెళ్ళి, పక్కన కూర్చుని, హరికథ చెప్పినట్టు చెప్పాను. న్యూయార్క్‌లో స్థిరపడిన తైవాన్ కుర్రవాడు సైమన్ అనే అతనితో కాపురం ఉంటాడు. ఊళ్ళో తల్లిదండ్రులు పెళ్ళి పెళ్ళి అని పోరుతుంటారు. వాళ్ళ నోరు మూయించడానికి, అద్దెకున్న షాంఘై అమ్మాయితో దొంగపెళ్ళి ఏర్పాటు చేస్తాడు. అమ్మానాన్నలు విమానమెక్కి వచ్చేస్తారు. ఇక ఆ విందు! కొత్త దంపతులను ఏడిపించే చుట్టాలు, తాగుడు, అల్లరి. అక్క పడీపడీ నవ్వింది. "మన పెండ్లిండ్లే మేలు" అంది. తర్వాత కొడుకు తల్లితో నిజం చెబుతాడు. తల్లి మొదట అనే మాట, నాన్నకు చెప్పకు, ఆయన ప్రాణం మీదికొస్తుంది అని. అక్క నవ్వు ఆగిపోయింది. ఆమె కూడా బావకు చెప్పలేదు.

ఆ సినిమాలో తండ్రి పాత సైనికాధికారి. ఇంగ్లీషు రానట్టు ఉంటాడు. ఒకరోజు సైమన్‌ను ఏకాంతంగా పిలిచి, కోడలికిచ్చినట్టు ఎర్రకవరులో డబ్బు పెట్టి ఇస్తాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. అన్నీ విన్నాడు, అన్నీ తెలుసు. ఎవరికీ చెప్పవద్దంటాడు. మనవడి కోసం తెలియనట్టు ఉండిపోయాడన్నమాట. ఆ ముసలాయన మంచివాడా స్వార్థపరుడా అని నాకూ అక్కకూ వాదన జరిగింది. అక్క లెక్కలో స్వార్థపరుడే. "తెలిసి గూడా పెండ్లామును ఒంటిగా ఏడ్వనిచ్చినాడు" అంది.

"కాథల్"ను ఆ మరుసటి వారం చూశాం. జియో బేబీ దర్శకుడు, 2023 నవంబరులో వచ్చింది. మమ్ముట్టి స్వయంగా నిర్మించి నటించాడు. ఇది మీ ఊళ్ళో ఏ భాషవాళ్ళున్నా అందరూ కలిసి చూడదగ్గ సినిమా. అక్కకు మమ్ముట్టి తెలుసు, జ్యోతిక ఇంకా బాగా తెలుసు. మలయాళం సగం తమిళంలా వినిపిస్తుంది. కొట్టాయం పక్క పల్లెలో మాథ్యూ అనే మర్యాదస్తుడు, బ్యాంకు ఉద్యోగం చేసినవాడు, పంచాయతీ వార్డు ఎన్నికకు నిలబడతాడు. అదే సమయంలో భార్య ఓమన విడాకులకు కోర్టుకెక్కుతుంది. భర్తకు తంగన్ అనే మనిషితో సంబంధముందని, తమ కాపురం పేరుకే కాపురమని. విశేషమేమిటంటే, ఆమెకు భర్త మీద పగ లేదు. ఒకే ఇంట్లోంచి ఇద్దరూ కోర్టుకు వెళ్తారు, వస్తారు, ఆమె అన్నం వడ్డిస్తుంది. తంగన్ కారు నడపడం నేర్పుకుని బతికే మామూలు మనిషి. మాథ్యూ, తంగన్ ఈ సినిమాలో దాదాపు మాట్లాడుకోరు. వానలో ఒకరినొకరు దూరం నుంచి చూసుకుంటారు, అంతే. అంత పెద్ద నటుడు, ఇన్నేళ్ళ మీసం పరువు పక్కన పెట్టి, తండ్రి ముందు కుప్పకూలి ఏడ్చే దృశ్యం నేను వర్ణించను. మీరే చూడండి.

ఆ తండ్రికి కొడుకు సంగతి ముందే తెలుసు. పెళ్ళి చేస్తే సర్దుకుంటాడనుకున్నాడు. ఇరవై ఏళ్ళ సంసారంలో తమ మధ్య ఏమీ లేదని, ఉన్నది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునని ఓమన కోర్టులో చెబుతుంది. ఆ మాటకు అక్క నావైపు తిరిగింది. నేను తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నీ కూతుర్ని ఇట్ల చేసుందునే" అంది.

నేనూ అదే ఆలోచిస్తున్నాను. రక్తపరీక్షలు చేయిస్తానన్న పెద్దమనిషిని. అల్లుడు ఆ రాత్రి నోరు విప్పకుండా, అమ్మ మాట కాదనలేక తలవంచి తాళి కట్టి ఉంటే? వాడు చెప్పిన మాట మా వంశానికి పిడుగు అనుకున్నాను గానీ, వాడు మా ఇంటి ఆడపిల్లను కాపాడాడన్న సంగతి ఆ దాకా నా బుర్రకు ఎక్కలేదు. ఇంటికొచ్చి మా అమ్మాయికి ఫోను చేశాను. "నాకు నాలుగేళ్ళ కిందే చెప్పాడు నాన్నా" అంది. ఎందుకు చెప్పలేదే అంటే, "మీరిద్దరూ ఆ పెళ్ళి గురించి ఇరవై ఏళ్ళు మాట్లాడుకున్నారు. నన్ను ఒక్కసారన్నా అడిగారా?" అంది. దానికి ఏ సినిమా పేరు చెప్పాలో తెలియలేదు.

ఇంకో తమిళ సినిమా కూడా అక్కకు పనికొచ్చింది. "కాదల్ ఎన్బదు పొదువుడమై", జయప్రకాశ్ రాధాకృష్ణన్ తీశాడు, 2025 ఫిబ్రవరిలో హాళ్ళలోకి వచ్చింది. కూతురు ప్రేమించానంటే, భోజనానికి పిలువమంటుంది తల్లి. వచ్చేది అమ్మాయి. ఆ తల్లి మన రోహిణి, అనకాపల్లిలో పుట్టిన రోహిణి. చదువుకున్నది, స్వేచ్ఛగా మాట్లాడేది, కూతురితో స్నేహితురాలిలా ఉండేది. తన ఇంటికి వచ్చేసరికి కిందామీదా అయిపోతుంది. సినిమాగా కొంచెం నాటకంలా ఉంది, ఒకే ఇంట్లో మాటల మీద నడుస్తుంది. అయితే అక్క ముఖం మొదటిసారి తేటపడింది. "అంత చదువుకున్నామెకే అట్లయితే, నాకు అయ్యేదాంట్లో వింతేముండాది" అంది. విమర్శకులు ఎన్ని నక్షత్రాలిచ్చారో నాకక్కర్లేదు.

నా సొంతానికి మిగుల్చుకున్న సినిమా ఒకటుంది, దాన్ని అక్కకు చూపలేదు, మీకు చెబుతాను. హన్సల్ మెహతా "అలీగఢ్". రామచంద్ర సిరాస్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ ఆచార్యుడు. 2010 ఫిబ్రవరిలో ఇద్దరు ఆయన ఇంట్లోకి చొరబడి, రిక్షా తొక్కే ఒక మనిషితో ఉండగా కెమెరాలో పట్టారు. విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వు నిలిపివేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే, ఏప్రిల్‌లో, ఆయన తన గదిలో చనిపోయి కనిపించాడు. అవును, ఇందులోనూ చావే, కానీ ఇది కల్పించిన చావు కాదు. మనోజ్ బాజ్‌పేయీ ఆ పాత్రలో ఒక రాత్రి ఒంటరిగా గ్లాసు పట్టుకుని లతా పాట వింటూ తనలో తను ఊగే దృశ్యం ఉంది. అందరూ దాన్ని ప్రేమికుడి ఒంటరితనం అంటారు. నాకు ఇంకో ఒంటరితనం కూడా కనబడింది. తన భాష ఎవరికీ రాని ఊళ్ళో తన భాషకు పాఠాలు చెప్పుకుంటూ, తన భాషలో పద్యాలు రాసుకుంటూ బతికిన మనిషి. సోలాపూరులోనో బరంపురంలోనో కూర్చుని ఈ పత్రిక చదివే మనకు ఆ ఒంటరితనం కొంత తెలుసు. ఆయనకు రెండు ఒంటరితనాలు. సినిమాలో పత్రికా విలేఖరి ఆయన్ను ఆ ఇంగ్లీషు మాటతో పిలిస్తే, మూడు అక్షరాల్లో నా మనసెలా పడుతుందని ఆయన చిరాకుపడతాడు. నాకు మా అల్లుడు తెలుగులో మొదలుపెట్టి ఆగిపోయిన వాక్యం గుర్తుకొచ్చింది.

అల్లుడితో నేను మొత్తానికి మాట్లాడాను. చాలా వెతుక్కుని, "నీకు నచ్చిన సినిమా ఏదిరా?" అన్నాను. వాడు నవ్వాడు. "మామా, మీరు అమ్మకు చూపిస్తున్న లిస్టు విన్నాను. కోర్టు, చావు, కన్నీళ్ళు. మేం పొద్దున లేచి పాలపాకెట్టు కోసం కూడా పోట్లాడుకుంటాం, అది ఎవరూ తీయరా?" అన్నాడు. "మేం" అన్నాడు. ఆ మాటను నేను పట్టుకున్నట్టు వాడికి తెలిసి, కొంచెంసేపు ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత "బధాయీ దో" చెప్పాడు. 2022లో హర్షవర్ధన్ కులకర్ణి తీసిన హిందీ సినిమా. డెహ్రాడూన్‌లో ఒక పోలీసు, ఒక వ్యాయామ ఉపాధ్యాయిని, ఇద్దరూ తమ తమ ఇళ్ళ పోరు పడలేక ఒప్పందం మీద పెళ్ళి చేసుకుంటారు. అతనికి మగవాళ్ళు, ఆమెకు ఆడవాళ్ళు. అంతా గందరగోళం, పరుగులు, అత్తగారు పిల్లల కోసం డాక్టరు దగ్గరికి లాగడం. నేను చూసుంటే చిన్న సినిమా అని తీసిపారేసేవాణ్ణి.

సంక్రాంతికి వాడు వచ్చాడు. నేనూ వెళ్ళాను. కనుమ నాటి మధ్యాహ్నం, భోజనాలయ్యాక, టీవీలో ఆ సినిమా పెట్టాడు. అక్కకు హిందీ రాదు. కొడుకు పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చాడు. నేను వెనక కుర్చీలోంచి వాడి తెలుగు వింటున్నాను. వాడికి మాటలు చాలవు, అరవం కలుస్తుంది, ఆగుతాడు, వెతుక్కుంటాడు. ఆ పోలీసు ప్రేమించిన కుర్రవాడు తెర మీదికి వచ్చినప్పుడు అక్క, "ఈయప్ప ఎవురు?" అంది.

అల్లుడు ఇంగ్లీషు మాట అనబోయి మానుకున్నాడు. "ఆ పోలీసాయప్ప..." అని ఆగి, "ఆయప్ప మనిషి" అన్నాడు.

"ఓ, వాని మనిషా" అంది అక్క, ఎవరి భార్య ఎవరో తెలిసినప్పుడు అన్నట్టే. మళ్ళీ తెరవైపు తిరిగింది. చేతిలోని చెరుకుముక్క నములుతూనే ఉంది.

బావ నిద్రలేచి వచ్చింది అప్పుడే. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన ఈ మూడు నెలల్లో జాతకాల మాట మళ్ళీ ఎత్తలేదని మాత్రం అక్క గమనించింది. "ఏం సినిమా?" అన్నాడు. "పెండ్లి సినిమా" అంది అక్క. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హిందీ పాత ఉద్యోగంలో కొంత నేర్చుకున్నాడు. అత్తగారి హడావిడికి గట్టిగా నవ్వాడు కూడా. తర్వాత ఆ పోలీసు ఇంటిల్లిపాదిని కూర్చోబెట్టి నిజం చెప్పే దృశ్యం వచ్చింది. అందరూ నోరు తెరుచుకుని ఉండిపోతారు. అతని తల్లి, అంతవరకు ఏమీ తెలియని అమాయకురాలిలా ఉన్న మనిషి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి కొడుకు పక్కన చేరుతుంది. అల్లుడు అక్కడ తెలుగు చెప్పడం ఆపేశాడు. అక్క కూడా అర్థం అడగలేదు.

బావ లేచాడు. మేడమీద ట్యాంకు నిండి నీళ్ళు పోతున్నాయంటూ మోటారు ఆపడానికి పెరట్లోకి వెళ్ళాడు. అక్క సినిమా ఆపమంది. అల్లుడు ఆపాడు. ముగ్గురం ఆ ఆగిపోయిన బొమ్మను చూస్తూ కూర్చున్నాం. మోటారు చప్పుడు ఆగింది. ఆయన రావడానికి మోటారు ఆపడానికి పట్టేదానికంటే ఎక్కువసేపే పట్టింది. చేతులు తుండుతో తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి టీవీ వైపు చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"లేదు, ఇంకా ఉండాది" అంది అక్క.

బావ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.